కాపలాదారుకు కట్టిన దీపం



పెరట్లో గులాబీ మొక్క దగ్గర ఆడుకుంటున్న పిల్లవాడి వేలికి ముల్లు గుచ్చుకుంటుంది. మనం సూదితో ఆ ముల్లు తీసి, కడిగి, నాలుగు ఊరడింపు మాటలు చెప్పి పంపేస్తాం. వాడు మళ్లీ ఆటలో పడతాడు. సాయంత్రానికల్లా ఆ చోటు ఎర్రబడి, కాస్త ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. "అయ్యో, వాచిందే!" అని మనం కంగారు పడతాం. నిజానికి ఆ వాపు ముల్లు తెచ్చినది కాదండీ. ముల్లుతోపాటు లోపలికి జొరబడిన సూక్ష్మజీవుల్ని ఆపడానికి మన ఒంట్లోని కాపలాదారులు పరుగెత్తుకుని వచ్చిన గుర్తు అది.

వాళ్లు ఎవరు? చీకట్లో దొంగను దొంగగా ఎలా గుర్తుపడతారు? కంటికి కనిపించని ఆ కాపలాదారుల్ని మనుషులు ఏ దీపం పట్టుకుని చూశారు? ఈ కథ 1882లో మొదలై మన రోజుల దాకా నడిచింది. ఇందులో కొంత పని ప్రయోగశాలల్లోని స్త్రీలు చేసినది. అందుకనే ఈవేళ మీతో ఈ మాటలు చెప్పుకుందామని.

మొదటి అంకం కూడా ముల్లుతోనే మొదలవుతుంది, చూడండి. ఇల్యా మెచ్నికోవ్ అని రష్యా సామ్రాజ్యానికి చెందిన జంతుశాస్త్రజ్ఞుడు ఒకాయన ఉండేవాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం మానుకుని 1882లో కుటుంబంతో సహా ఇటలీలోని మెస్సీనా రేవుకు వెళ్లాడు. ఒకనాడు ఇంటిల్లిపాదీ సర్కసులో కోతుల ఆట చూడటానికి వెళ్లారు. ఈయన ఒక్కడూ ఇంట్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. ఎదుట ఉన్నవి సముద్ర నక్షత్రాల పిల్లలు. అవి అద్దంలాగా పారదర్శకంగా ఉంటాయి కనుక లోపల ఏం జరుగుతున్నా పైకి కనబడుతుంది. వాటి లోపల కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతూ ఉండటం చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది: ఇవి కాపలా తిరుగుతున్నాయేమో! అయితే ఒక ముల్లు గుచ్చితే దాని చుట్టూ మూగాలి కదా?

వెంటనే తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు కోసుకొచ్చి ఆ పిల్లల ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదట. తెల్లవారి చూస్తే అనుకున్నట్టే జరిగింది. కణాలు ముల్లు చుట్టూ చేరి చుట్టుముట్టాయి. మన పిల్లవాడి వేలు వాచినప్పుడు లోపల జరిగేదీ ఇదే. సూక్ష్మజీవుల్ని మింగేసే ఈ కణాలకు భక్షక కణాలని పేరు. పుట్టుకతోనే వచ్చే రక్షణ కనుక దీన్ని సహజ రక్షణ అంటారు.

ఆ తరువాత 8 ఏళ్లకు, 1890లో, బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు మరో రకం రక్షణను కనిపెట్టారు. ధనుర్వాతం, డిఫ్తీరియా విషాన్ని తట్టుకున్న జంతువు రక్తంలో ఆ విషాన్ని విరిచేసే పదార్థం ఏదో ఉందని తేల్చారు. డాక్టర్లు యాంటీబాడీ అనే ప్రతిరక్షకం అదే. దీని గుణం విచిత్రమైనది. ఒక ప్రతిరక్షకం ఒక్కదాన్నే పట్టుకుంటుంది. మన గోద్రెజ్ బీరువా తాళంచెవి పక్కింటి బీరువాకు పట్టనట్టే, ధనుర్వాతం కోసం తయారైనది డిఫ్తీరియా జోలికి పోదు. మనం పిల్లలకు వేయించే టీకాల ఫలం చాలావరకు ఈ ప్రతిరక్షకాలే.

ఇక శాస్త్రజ్ఞులు రెండు పక్షాలయ్యారు. రక్షించేది కణమా, రక్తంలోని పదార్థమా అని వాదించుకున్నారు. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కూ, ప్రతిరక్షకాల పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కూ చెరిసగం ఇచ్చి ఇద్దరినీ సమాధానపరిచారు. అయినా ఆ తరువాత ఎన్నో ఏళ్లు ప్రతిరక్షకాల మాటే చెల్లింది. వాటిని సీసాలో పట్టవచ్చు, కొలవవచ్చు, మందుగా వాడుకోవచ్చు. పాపం, పుట్టుకతో వచ్చే కాపలాదారు మాత్రం ఇంటి ముందు వాచ్‌మన్‌లాగా ఉండిపోయాడు. ఉన్నాడని అందరికీ తెలుసు, పేరు ఎవరూ అడగరు.

అతని పేరు అడగటానికి సాధనం కావలసి వచ్చింది. ఆ సాధనం ప్రతిరక్షకాల పక్షం నుంచే రావడం ఈ కథలోని తమాషా.

1939 వేసవిలో ఆల్బర్ట్ కూన్స్ అనే అమెరికా యువ వైద్యుడు బెర్లిన్‌లో ఉన్నాడు. చిన్నపిల్లలకు గొంతు నొప్పితో మొదలై కీళ్లు పట్టేసి, చివరికి గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం గురించి ఆయన ఆలోచిస్తున్నాడు. ఈ జబ్బు మన దేశంలో ఎంతమంది తల్లుల ఉసురు పోసుకుందో మీకు తెలియనిది కాదు. గొంతులోని సూక్ష్మజీవికీ గుండెలోని గాయానికీ సంబంధం ఏమిటి? ఆ సూక్ష్మజీవి తాలూకు పదార్థం గుండె కండరంలో ఉందా, లేదా? ఉంటే కంటికి చూపించడం ఎలా? ప్రతిరక్షకం దాన్ని వెతికి పట్టుకుంటుంది సరే. కాని ప్రతిరక్షకమే కంటికి కనబడదే!

అయితే ప్రతిరక్షకానికే ఒక దీపం కడితే? ఇదీ కూన్స్ ఆలోచన. పూర్వం రాత్రిపూట ఎడ్లబండి కింద లాంతరు వేలాడగట్టేవారు, గుర్తుందా? చీకట్లో బండి కనబడదు, ఎద్దులు కనబడవు. ఊగుతూ వచ్చే లాంతరును చూసి, అదిగో బండి వస్తోందనుకునేవాళ్లం. సరిగ్గా అలాగే.

అంతకు ముందు 1934లో మారక్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిరక్షకానికి ఎర్రరంగు కట్టి చూశాడు. కాని శరీరంలోని పలచని కండ ముక్కలో ఆ కొద్దిపాటి రంగు ఆనదు. రంగు చాలదు, వెలుగే కావాలి. హార్వర్డ్‌కు తిరిగి వచ్చిన కూన్స్, రసాయన శాస్త్రజ్ఞులైన క్రీచ్, జోన్స్ మొదలైనవారి సహాయం తీసుకున్నాడు. వాళ్లు ప్రతిరక్షకానికి ప్రతిదీప్తి గల రసాయనాన్ని అతికించారు.

ప్రతిదీప్తి అంటే భయపడకండి. మనింటి ట్యూబ్‌లైటు చూశారుగా? దాని గొట్టంలో పుట్టేది ఎక్కువగా కంటికి ఆనని అతినీలలోహిత కిరణం. గాజుకు లోపలివైపు పూసిన తెల్లటి పొడి ఆ కిరణాన్ని మింగి, కంటికి కనిపించే వెలుగుగా తిప్పి ఇస్తుంది. ఒకప్పుడు తెల్లబట్టలకు పెట్టుకున్న టినోపాల్ చేసినదీ ఆ పనే. ఎండలోని కనిపించని కిరణాన్ని మింగి నీలివెలుగు ఇచ్చి, పంచెను మల్లెపువ్వులా మెరిపించేది. ఒక కాంతిని మింగి మరో కాంతిని ఉమ్మడమే ప్రతిదీప్తి.

మొదట కూన్స్ బృందం కట్టిన దీపం నీలిరంగుది. న్యుమోనియా సూక్ష్మజీవులకు ఆ ప్రతిరక్షకాన్ని కలిపితే నీలంగా మెరిశాయి. 1941లో ఆ సంగతి ప్రకటించారు. కాని శరీరపు ముక్కలో వెతకబోతే పెద్ద చిక్కు వచ్చిపడింది. మన కండ, కణాలు కూడా తమంతట తాము కొద్దిగా నీలంగా మెరుస్తాయి. నీలి కాంతిలో నీలి దీపం ఎవరికి కనబడుతుంది? అందుకని ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌కు మారారు. ఆ రసాయనం తయారీకి ఫాస్జీన్ కావాలి. అది మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఊపిరి తీసిన విషవాయువు. అలాంటిదాన్ని పక్కన పెట్టుకుని పని సాగించారు. 1942లో, న్యుమోనియా సోకిన ఎలుకల అవయవాల్లో ఆ సూక్ష్మజీవి పదార్థం ఎక్కడెక్కడ దాక్కుందో ఆకుపచ్చ వెలుగులో చూపించారు. అంతలో యుద్ధం ముంచుకొచ్చి, కూన్స్ సైన్యంలో వైద్యుడిగా వెళ్లవలసి వచ్చింది. తిరిగి వచ్చాక 1950లో కాప్లన్‌తో కలిసి ఆ పద్ధతిని మెరుగుపరిచాడు.

దీపమైతే వెలిగింది. కాని విషవాయువుతో ప్రాణాల మీదికి తెచ్చుకుని తయారుచేసే దీపాన్ని ఎందరు వెలిగించగలరు? ఈ చిక్కును విప్పిన బృందంలో ఒక ప్రొఫెసరమ్మ ఉంది. ఆమె పేరు కోరా డౌన్స్. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల ద్వారా సోకే తులరేమియా అనే జ్వరం మీద పరిశోధన చేసేది. ఆమె, ఆమెతో పనిచేసిన రిగ్స్, రసాయన శాస్త్రజ్ఞులైన బర్క్‌హాల్టర్, సీవాల్డ్ తదితరులు కలిసి 1958లో ఫ్లోరెసీన్‌కు కొత్త రూపం ఇచ్చారు. ఎఫ్‌ఐటీసీ అని పొట్టిగా పిలిచే ఆ పొడి సీసాలో నిలవ ఉంటుంది, ప్రతిరక్షకానికి తేలిగ్గా అతుక్కుంటుంది. వాడేవాళ్లు విషవాయువు జోలికి పోనక్కరలేదు. ఎవరికి వారు పాలు తోడుపెట్టుకునే బాధ తప్పి, తోడు పెరుగు పక్కింట్లో దొరికినట్టయింది. దీపం ఊరూరికీ చేరింది. ఇన్నేళ్ల తరువాత ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఆ పొడి వాడుకలో ఉంది.

ఆ 1958లోనే గోల్డ్‌వాసర్, కిస్లింగ్ అనే ఇద్దరు ఈ దీపాన్ని పిచ్చికుక్క కాటు జబ్బు మీదికి తిప్పారు. అంతకు ముందు కుక్కకు రేబిస్ ఉందో లేదో కచ్చితంగా తేల్చాలంటే, దాని మెదడు రసాన్ని ఎలుకలకు ఎక్కించి రోజుల తరబడి కాచుకోవలసి వచ్చేది. దీపం కట్టిన ప్రతిరక్షకంతో, చచ్చిన కుక్క మెదడు ముక్కలోనే గంటల్లో తేలిపోయింది. ఈనాటికీ జంతువుల్లో రేబిస్ తేల్చడానికి ప్రామాణికమైన పరీక్షల్లో ఇది ఒకటి. అయితే ఒక్క మాట మరవకండి. కుక్క కరిస్తే ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగకూడదు. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

ఇంతలో ఇంకో సదుపాయం కూడా వచ్చింది. ప్రతి ప్రతిరక్షకానికీ విడివిడిగా దీపం కట్టనక్కరలేదు. మొదటి ప్రతిరక్షకాన్ని ఉత్తదాన్నే పంపి, దాన్ని పట్టుకునే రెండో ప్రతిరక్షకానికి దీపం కడితే చాలు. ఒక్క పోపులపెట్టె అన్ని కూరలకూ సరిపోయినట్టు, ఒక్క దీపం ఎన్నో పనులకు సరిపోతుంది. 1957లో జార్జ్ ఫ్రయో ఈ కిటుకుతోనే, లూపస్ జబ్బులో రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు సొంత కణాల కేంద్రకాల మీదనే తిరగబడటం చూపించాడు. లూపస్ ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే జబ్బు. ఒళ్లునొప్పులు, నీరసం అంటే "ఇంటిచాకిరీ వల్లే" అని కొట్టిపారేసే రోజుల్లో, ఆమె బాధకు కారణం ఒంట్లోనే ఉందని ఆకుపచ్చ వెలుగు సాక్ష్యం చెప్పింది. డాక్టరు ఏఎన్‌ఏ పరీక్ష రాశారంటే దాని వెనుక ఈ చరిత్ర ఉందన్నమాట.

అయితే సూక్ష్మదర్శినిలో కళ్లు పెట్టి వెలిగే కణాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టడం అంటే, బియ్యంలో రాళ్లు ఏరడం కంటే కష్టమైన పని. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లెన్ హెర్జెన్‌బర్గ్‌కు ఈ పనితో కళ్లు కాయలు కాచి, దీనికో యంత్రం ఉండాలనుకున్నాడు. ఆయన బృందం 1969లో ఒక యంత్రాన్ని ప్రకటించింది. దాన్నే 1972కల్లా లేజర్ కాంతితో బాగుచేశారు. కణాల్ని సన్నని ధారలో వరసగా నడిపించి, ఒక్కొక్కదాని మీద వెలుగు వేసి, మెరిసినవాటిని ఒక పక్కకు, మెరవనివాటిని మరో పక్కకు వేరుచేస్తుంది. మనం చేటతో చెరిగి బియ్యాన్ని, తౌడును విడదీసినట్టే. కాకపోతే సెకనుకు వేల కణాల్ని!

ఈ ప్రయోగశాలను ఆయనతో సమానంగా నడిపిన మనిషి ఆయన భార్య లెనోర్. అందరూ లీ అనేవారు. ఆయన కాల్‌టెక్‌లో చదువుతున్న రోజుల్లో అక్కడ ఆడపిల్లలను డిగ్రీ చదువులో చేర్చుకునేవారు కాదు. ఆమె పట్టా రాదని తెలిసీ తరగతుల్లో కూర్చుని పాఠాలు విని నేర్చుకుంది. డిగ్రీ లేకుండానే ఎన్నో పరిశోధనలు చేసింది. పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయం 1981లో గాని ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. అప్పటికి ఆమె చేసిన పని ప్రపంచమంతా వాడుకుంటోంది! చదువు మధ్యలో ఆగిపోయిందని బాధపడే చెల్లెళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దీంతో దీపాలకు కొరత తీరింది. యంత్రం, దీపం రెండూ కలిసి మన ఊళ్లకూ వచ్చాయి. ఎయిడ్స్ సోకినవారికి 2004 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలైనప్పుడు, మందు ఎవరికి ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చింది సీడీ4 లెక్క. తెలుగు జిల్లాల్లో ఏ పాపమూ ఎరుగని ఎందరో ఇల్లాళ్లు, భర్త ద్వారా సోకిన జబ్బుతో, చేతిలో ఆ లెక్క రాసిన చీటీ పట్టుకుని ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నారు. ఆ చీటీలోని అంకె, దీపం కట్టిన ప్రతిరక్షకాలతో తెల్లకణాల్ని లెక్కపెట్టి రాసినదే. 2017 నుంచి ఆ లెక్కతో నిమిత్తం లేకుండా జబ్బు ఉందని తేలిన అందరికీ మందులిస్తున్నారు.

ఇక మన కాపలాదారు దగ్గరికి వద్దాం. ఇన్నాళ్లూ అతను వరండాలోనే ఉన్నాడు కదా. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ జేన్‌వే అనే ఆయన 1989లో ఒక సూటి ప్రశ్న వేశాడు. ప్రతిరక్షకాలు తయారు కావడానికి రోజులు పడుతుంది కదా, అప్పటిదాకా ఇది దొంగ, ఇది మనవాడు అని ఎవరు చెబుతున్నారు? భక్షక కణాల మీద పుట్టుకతోనే కొన్ని గ్రాహకాలు ఉండి ఉండాలి. గ్రాహకం అంటే తడిమి గుర్తుపట్టే చెయ్యి అనుకోండి. సూక్ష్మజీవులకు మాత్రమే ఉండి మనకు లేని గుర్తుల్ని అవి పసిగడుతూ ఉండాలి. ఇదీ ఆయన ఊహ. ఊహ బాగుంది, కాని ఆ చెయ్యి ఎక్కడ?

అది ఈగలో దొరికింది! జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానే న్యూస్లైన్ ఫోల్‌హార్డ్ అనే శాస్త్రజ్ఞురాలు, మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల పిండాల్ని పరిశీలిస్తుండేది. ఒక జన్యువు చెడిన ఈగ పిండం ఒళ్లంతా పొట్ట భాగంగానే పెరగటం చూసి, జర్మన్ భాషలో "టోల్!" అందిట. మనం "ఓహో, భలే!" అన్నట్టు. ఆ జన్యువుకు ఆ పేరే స్థిరపడింది. ఆమె, కాథ్రిన్ ఆండర్సన్ అనే మరో శాస్త్రజ్ఞురాలు, వారి సహచరుడు కలిసి 1985లో ఆ సంగతి ప్రకటించారు. అప్పటికి అది వీపు ఏది, పొట్ట ఏది అని నిర్ణయించే జన్యువు మాత్రమే.

1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఝూల్ హాఫ్‌మన్, బ్రూనో లెమైత్ర్ బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. టోల్ చెడిన ఈగకు బూజు సోకితే అది తట్టుకోలేదు. నిలవ పచ్చడికి తడి చెయ్యి తగిలితే బూజు ఎలా పడుతుందో అలా ఈగ ఒళ్లంతా బూజు అల్లుకుని చచ్చిపోయింది. మరుసటి ఏడు, 1997లో, జేన్‌వే, ఆయన వద్ద పనిచేసిన మెద్జితోవ్ మనిషిలోనూ టోల్ వంటి గ్రాహకం ఉందని చూపించారు. ఇలాంటివి మనలో 10 ఉన్నాయని తరువాత తేలింది.

1998లో బ్రూస్ బోయిట్లర్ బృందం అసలు గుట్టు విప్పింది. కొన్ని రకాల సూక్ష్మజీవుల పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది రక్తంలో ఎక్కువైతే ఒళ్లు కాలిపోయే జ్వరం, రక్తపోటు పడిపోవడం, చివరికి ప్రాణాపాయం. ఒక జాతి ఎలుకలకు మాత్రం ఎంత ఎండోటాక్సిన్ ఎక్కించినా చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. వాటిలో టోల్ వంటి గ్రాహకం నాలుగోది చెడిపోయి ఉందని తేలింది. అంటే ఎండోటాక్సిన్‌ను పసిగట్టే చెయ్యి అదేనన్నమాట. 2011లో హాఫ్‌మన్‌కూ, బోయిట్లర్‌కూ, వేరే కణాల్ని కనుగొన్న స్టైన్‌మన్‌కూ నోబెల్ బహుమతి ఇచ్చారు. జేన్‌వే 2003లోనే కన్నుమూశాడు.

ఇప్పుడు దీపం పని మొదలైంది. గ్రాహకం ఉందని జన్యువు చెబుతుంది. కాని ఏ కణం మీద ఉంది, పైన ఉందా, లోపల ఉందా, ఎన్ని ఉన్నాయి అన్నది కళ్లతో చూడాలి కదా? జపానులో మియాకె బృందం ఎలుకల నాలుగో గ్రాహకాన్ని పట్టుకునే ప్రతిరక్షకాన్ని తయారుచేసి, 2000 సంవత్సరంలో ఒక విషయం గమనించింది. కణానికి ఎండోటాక్సిన్ తగిలాక, ఆ ప్రతిరక్షకానికి అందే గ్రాహకాలు కణం మీద తగ్గిపోతున్నాయి. ఒకసారి తలుపు తట్టించుకున్న కాపలాదారు, రెండోసారికి మొదటంత గట్టిగా కేకవేయడు.

ఇంకో విశేషం. గ్రాహకాలన్నీ కణం పైనే లేవు. సూక్ష్మజీవి పైపొరను పసిగట్టేవి వీధివాకిట్లో ఉంటాయి. వైరస్ తాలూకు జన్యుపదార్థాన్ని పసిగట్టే మూడు, ఏడు, ఎనిమిది, తొమ్మిదో నంబరువి కణం లోపలి గదుల్లో ఉంటాయి. అలా ఉండటంలో అర్థం ఉంది. జన్యుపదార్థం మన ఒంట్లోనూ ఉంది. వీధిలో ఉంటే మన సొంతదాన్నే పట్టుకుని దొంగ దొంగ అని అరవవచ్చు. మింగిన సరుకు వచ్చి చేరే గదిలో ఉంటే ఆ ప్రమాదం తక్కువ. లోపలివాటిని చూడాలంటే ముందు కణాన్ని కదలకుండా గట్టిపరిచి, దాని పొరకు సన్నని రంధ్రాలు చేసి, దీపాన్ని లోపలికి పంపాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, వినండి. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. దీపం అబద్ధం కూడా చెబుతుంది! భక్షక కణాల పనే దొరికినదాన్ని పట్టుకోవడం. ప్రతిరక్షకాల తోకను పట్టుకునే చేతులు వాటికి వేరే ఉన్నాయి. మనం పంపిన దీపం వెతకవలసిన గ్రాహకాన్ని వెతక్కుండానే, ఆ చేతుల్లో చిక్కుకుని వెలగవచ్చు. చూసేవాడు "ఆహా, గ్రాహకం కనబడింది" అని మోసపోతాడు. పైగా ఈ కణాలు తమంతట తామే కాస్త మెరుస్తాయి. చచ్చిన కణాలైతే ఏ దీపాన్నైనా అంటించుకుంటాయి. అంటే, ఎవరిని చూడాలని ఇంత తంటాలు పడ్డామో, వాళ్లనే నిజంగా చూడటం అన్నిటికంటే కష్టం.

అందుకని జాగ్రత్తపడతారు. ముందుగా ఆ చేతుల్ని వేరే పదార్థంతో నింపేస్తారు. చచ్చిన కణాల్ని గుర్తుపట్టి లెక్కలోంచి తీసేస్తారు. ఆ గ్రాహకం బొత్తిగా లేని ఎలుక కణాల మీద కూడా అదే దీపాన్ని వేసి చూస్తారు. అక్కడా వెలిగిందంటే అది దొంగ వెలుగు. మనం నెయ్యి తూచే ముందు ఖాళీ గిన్నెకు ధడా కట్టమూ? ఇదీ అంతే. ధడా కట్టని తూకాన్ని నమ్మం. ఈ సరిచూపు లేని వెలుగునూ నమ్మకూడదు.

"ఇదంతా తెలిసి మాకేమిటమ్మా?" అంటారా? చెబుతాను. ఆ ఎలుకల సంగతి మళ్లీ గుర్తుచేసుకోండి. నాలుగో గ్రాహకం చెడిన ఎలుకను ఎండోటాక్సిన్ ఏమీ చేయలేకపోయింది. ఎంత అదృష్టం అనుకుంటాం. కాని టైఫాయిడ్ సూక్ష్మజీవికి దగ్గర చుట్టమైన సాల్మొనెల్లా బతికి ఉన్నది కొద్దిగా సోకినా, ఆ ఎలుకలు మిగతావాటికంటే సులువుగా చచ్చిపోయాయి. దొంగను గుర్తుపట్టే చెయ్యి లేదు మరి. అదే చెయ్యి అతిగా చెలరేగితే సెప్సిస్ అనే ప్రాణాంతకమైన స్థితి వస్తుంది. తక్కువైతే ఒక ముప్పు, ఎక్కువైతే మరో ముప్పు. ఉప్పు లాంటిదే ఇదీను, తగినంతే రుచి.

కాబట్టి "మీ పిల్లల రోగనిరోధక శక్తిని రెట్టింపు చేస్తుంది" అని ఏ డబ్బా మీద కనబడినా, కొనే ముందు ఒక్క క్షణం ఆగండి. రెట్టింపు అంటే దేన్ని? ఏ కణాన్ని? ఏ గ్రాహకాన్ని? ఎవరు దీపం పెట్టి చూశారు, ధడా కట్టి తూచారా? ఈ ప్రశ్నలకు డబ్బా జవాబు చెప్పలేదు. వేళకు టీకాలు, శుభ్రమైన నీరు, కడుపునిండా తిండి, తగినంత నిద్ర - వీటి వెనుక ఆధారం ఉంది. ఇక జ్వరం వచ్చిన మనిషి మగతగా మాటతప్పుతున్నా, ఒళ్లు చల్లబడుతున్నా, ఊపిరి ఎగబోస్తున్నా, బాలింతకు వణుకుతో కూడిన జ్వరం వచ్చినా, రేపటిదాకా చూద్దామనుకోకండి. అది కాపలాదారు అదుపు తప్పిన గుర్తు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మెచ్నికోవ్ చూసిన కాపలాదారుకు పేరు పెట్టడానికి నూరేళ్లకు పైగా పట్టింది. వాళ్లు ఎప్పుడూ ఉన్నారు. చూసే దీపం మన దగ్గర లేదు, అంతే. దీపం తయారుచేసినవాళ్లలో, దాన్ని ఊరూరికీ అందించినవాళ్లలో, వెలుగు నిజమా కాదా అని పదిసార్లు సరిచూసినవాళ్లలో కోరా డౌన్స్, లీ హెర్జెన్‌బర్గ్ వంటివారు ఎందరో. మీ అమ్మాయి సైన్సు పుస్తకం ముందేసుకుని "ఇది ఎందుకలా?" అని అడిగితే, పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే, ఒక్క నిమిషం ఆగి వినండి. ఏ దీపం ఎవరి చేతిలో వెలుగుతుందో ఎవరికి తెలుసు!